జోడి కలిసిన ఏడువేల మూటలు

1,081వ రోజు, మొదటి షిఫ్టు

కార్డులు ఆరు. నడుస్తున్నవి ఐదు. వేడి డెబ్బై ఒకటి. తప్పులు లేవు.

కొండమీది పరిశోధన కేంద్రం వాళ్ళు పంపిన ఈ రిజిస్టరులో రాయమన్నది ఇంతే. కానీ కుడిపక్కన ‘వ్యాఖ్యలు’ అని జానెడు గడి ఒకటి వదిలారు. ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మూడేళ్ళుగా ఆ గడి నిండి, పక్క గడుల్లోకి పారి, ఈమధ్య పేజీ వెనక్కి కూడా పోతోంది. కేంద్రంలో ఎవరైనా ఇవి చదువుతుంటే మన్నించాలి. చదవకపోతే మరీ మంచిది, ఇంకొంచెం తీరిగ్గా రాస్తాను.

నా పేరు దుర్గం ఓదెలు. ఏడో నంబరు బొగ్గు బాయిలో పంపు గది నాది. బొగ్గు తవ్వడం మా తాత కాలంతోనే ఆగిపోయింది. పైన ఎండ మనిషిని గంటసేపు నిలబడనివ్వకుండా అయ్యాక, మా నాయన తరం వాళ్ళు పాత బాయిల్లోకి దిగి కాపురాలు పెట్టారు. ఇప్పుడు రెండో లెవెల్లో నాలుగు వందల మందిమి ఉన్నాం. కింద చల్లగా ఉంటుంది. చల్లదనం ఉన్నచోట తేమ, తేమ ఉన్నచోట బూజు. గోడలకు పట్టే బూజును గీకి పారేయొచ్చు. ఊపిరితిత్తులకు పట్టేదాన్ని ఏం పెట్టి గీకుతాం? దాన్ని బూజుదగ్గు అంటాం. మొదటి దశలో తెల్లమాత్ర పనిచేస్తుంది. రెండో దశ దాటితే ఆ మాత్ర సుద్దముక్కతో సమానం.

రెండో దశకు మందు వెతకడమే ఈ కార్డుల పని. ఇవి వెనకటికి కంప్యూటర్లో ఆటలాడుకోవడానికి చేసిన గ్రాఫిక్స్ కార్డులట. బొమ్మల మనుషులు బొమ్మల మనుషుల్ని కాల్చుకోవడానికి ఇంత తెలివి పెట్టారంటే అప్పటివాళ్ళకు ఎంత తీరికో! కొండమీది కేంద్రం దగ్గర కోట్ల అణువుల జాబితా ఉంది. వాటిలో ఏ అణువు ఈ బూజును గట్టిగా పట్టుకుంటుందో లెక్కగట్టాలి. నూరు అణువులకు ఒక మూట కట్టి మాలాంటి స్టేషన్లకు పంపుతారు. పట్టుకు మార్కులుంటాయి. ముప్పై ఐదు వస్తే పాసు, ఆ అణువు పైకి పోతుంది. రాకపోతే మళ్ళీ దాని మొహం ఎవరూ చూడరు.

జీతం లేదు. అంతా స్వచ్ఛందమే. ఇంటికి రోజుకు గంటసేపు ఫ్యాన్లు ఆపుకుని ఆ కరెంటు నా కార్డులకు ఇస్తారు మా వాళ్ళు.

1,084వ రోజు, రెండో షిఫ్టు

వేడి డెబ్బై. తప్పులు లేవు.

సువార్త దిగింది. కార్డుల వెనక నుంచి వచ్చే గాలి పొడిగా, వెచ్చగా ఉంటుంది. అక్కడ స్టూలు వేసుకుని గంటసేపు కూర్చుంటే దానికి ఊపిరి ఆడుతుంది. సువార్త నా దోస్తు ఏసుదాసు బిడ్డ, మా బడిలో లెక్కల టీచరు. ముప్పై నాలుగేళ్ళు. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచి నన్ను పెద్దబాపు అంటుంది, ఎక్కువగా తిట్టడానికే. దానికి బూజుదగ్గు రెండో దశ. మూడు నెలలు, బాగుంటే నాలుగు అని కంపౌండరు నాతో చెప్పాడు. దానికి చెప్పలేదనుకున్నాను.

“మూడు నెలలంట గద,” అంది స్టూలు మీద కూర్చుంటూనే.

“ఎవడన్నాడు?”

“కంపౌండరు నన్ను జూస్తే తల దించుకుంటుండు. ఫెయిలైన పోరల తీరు.” దగ్గింది. చాలాసేపు దగ్గింది. “నీ కార్డులు ఎంతదాక వచ్చినయ్ పెద్దబాపూ?”

“రోజుకు ఏడు మూటలు. ఈ జిల్లాలో ఎవరికీ లేదు.”

“ఏడా! ఇంకేంది, దొరుకుతది తియ్.”

అది వెటకారమో నమ్మకమో నాకిప్పటికీ తెలియదు. దాని గొంతులో ఆ రెండూ ఒకే బెంచీ మీద కూర్చుంటాయి.

1,088వ రోజు, మొదటి షిఫ్టు

మూడో కార్డు రెండుసార్లు బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ లేపాను.

ఈ ఏడు మూటల సంగతి ఎక్కడైనా రాసిపెట్టాలి. మొదట్లో నాకు రోజుకు నాలుగే తేలేవి. కార్డుకీ కంప్యూటరుకీ మధ్య డ్రైవరు అనే రాత ఒకటి ఉంటుంది. కార్డుకు అర్థమయ్యే భాషలో పని పురమాయించేది అదే. కేంద్రం పంపే కొత్త డ్రైవరు మా ముసలి కార్డులను గుర్తుపట్టదు. అందుకని పాత డ్రైవరునే విప్పి కుట్టుకున్నాను. ఎవరు నేర్పారని అడుగుతారు. ఎవరూ నేర్పలేదు. కార్డులతో పాటు ఒక పుస్తకం వచ్చింది. దాని మొదటి నలభై పేజీలు చెదలు తిన్నాయి. అందుకని మందులన్నీ తెలిసి, ఏ జబ్బుకు ఏ మందో తెలియని వైద్యుడి తీరు నాది. నెలల తరబడి ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో మాటతో గింజుకున్నాను. మా కంపౌండరు చదువుకున్నవాడే గానీ, నా అంత ఇంగ్లీషు తిట్లు అతనికి రావు. డ్రైవరు పనిలో అవి ముందు వస్తాయి.

మొదట వోల్టేజీ తగ్గించాను, వేడి తగ్గింది. తర్వాత గడియారం వేగం పెంచాను, ఐదు మూటలయ్యాయి. అయినా ఒకచోట కార్డు తడుముకునేది. లెక్కలో మరీ చిన్న అంకెలు వచ్చినప్పుడు, అంటే సున్నా పక్కన చుక్క పెట్టి, ఆరేడు సున్నాల తర్వాత ఎక్కడో ఒక ఒకటి వచ్చినప్పుడు. మా తాత తట్టతో బొగ్గు మోసినవాడు. టబ్బు నింపేటప్పుడు తట్టలోంచి రాలిన చూర, అంటే బొగ్గుపొడి, ఈ బాయిలో ఎన్నడూ లెక్కలోకి రాలేదు. దాన్ని వంగి ఏరేవాణ్ణి చూసి నవ్వేవాళ్ళట. నేనూ కార్డులకు అదే చెప్పాను: ఆరు సున్నాలు దాటితే చూర, సున్నా అనుకుని ముందుకు పోండి. ఏడు మూటలయ్యాయి! ఆ రోజునే ఒకటో రోజుగా పెట్టి ఈ రిజిస్టరులో రోజులు లెక్కపెడుతున్నాను. మనిషికి ఆమాత్రం గర్వం ఉండాలి.

1,091వ రోజు, రెండో షిఫ్టు

వేడి డెబ్బై రెండు. మూడో కార్డు బుద్ధిగా ఉంది.

ఆదివారం వైర్‌లెస్ వార్తల్లో, ఎక్కువ మూటలు తేల్చినవాళ్ళంటూ మళ్ళీ మా రెండు స్టేషన్ల పేర్లు చదివారు. రెండు అని ఎందుకన్నానంటే, కేంద్రం ఒక్కరి లెక్కను నమ్మదు. ఒకే మూటను, ఒకే రకం కార్డులున్న ఇద్దరికి ఇస్తుంది. ఇద్దరి జవాబులూ కలిస్తే ‘జోడి కలిసింది’ అని ఒప్పుకుంటుంది. నా జోడి గుంటూరు దగ్గర ఒక పాత మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉంటాడు. పేరు వీర్రాఘవులు. అక్కడ మూడు వందల మంది. గోడల్లో ఇంకా మిరప ఘాటుందనీ, పుట్టిన పిల్లలు ఏడవడం కంటే ముందు తుమ్ముతారనీ చెబుతాడు.

మొదట్లో అతనికీ నాకూ జవాబులు కలిసేవి కావు. కేంద్రం ఇద్దర్నీ చీవాట్లు పెట్టింది. నేను నా డ్రైవరు, సెట్టింగులు వైర్‌లెస్‌లో అంకె అంకె చదివి చెప్పాను. అతను తొమ్మిది రోజులు రాసుకున్నాడు. పదో రోజు నుంచి మూటకు మూట కలిసింది. పిల్లనిచ్చి పుచ్చుకున్నంత సంబరం. అప్పటినుంచి నన్ను బావగారూ అంటాడు, నేనూ బావా అంటాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

వార్తలు విన్నాక క్యాంటీన్లో నా గిన్నెలో గట్క ఒక గరిటె ఎక్కువ పడింది.

1,094వ రోజు, మొదటి షిఫ్టు

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

సువార్త స్టూలు మీద కూర్చుని నా రిజిస్టరు తిరగేసింది. తిరగేసి తిరగేసి అడిగింది:

“పెద్దబాపూ, మీ ఇద్దరి జవాబులు కలిస్తే రైటని ఎవరు జెప్పిన్రు?”

“కేంద్రం.”

“గట్లనా. మా ఎనిమిదో తరగతిల ఇద్దరున్నరు, ఒక్క బెంచీ మీద కూసుంటరు. పోయినేడు లెక్కల పరీక్షల పదికి పది జవాబులు కలిసినయ్. రైటు జవాబులు కలిస్తే నేనేమన. తప్పులు గూడ కలిసినయ్. ఒకడు పదిహేనుకు యాభై ఒకటేస్తే, రెండోడు గూడ యాభై ఒకటే ఏసిండు.”

“మేం కాపీ కొట్టలేదే. ఆయన అక్కడ, నేనిక్కడ. నడుమ కృష్ణ ఉంది.”

“కాపీ గొట్టలె. కని ఇద్దరు ఒక్క సారు దగ్గర నేర్చుకున్నరు గద.”

“సారెవరు?”

“నువ్వే.”

నవ్వాను. అది నవ్వలేదు.

“జవాబు ముందే ఎరుకైన లెక్క ఒకటి ఇయ్యరాదు నీ కార్డులకు? తెల్లమాత్ర ఉన్నది గద. అది బూజును పట్టుకుంటదని లోకమంత ఎరుకే.”

తెల్లమాత్ర అణువు పరీక్ష మూటలో ఉంటుంది. కార్డులతో పాటే వచ్చింది. ఎందుకిచ్చారో తెలియక అటక మీద పెట్టాను. దించి ఎక్కించాను. మూట మీద కేంద్రం అచ్చువేసిన మార్కులు యాభై రెండు. నలభై నిమిషాల తర్వాత నా కార్డులు చెప్పిన మార్కులు ఇరవై తొమ్మిది.

ఫెయిలు.

మళ్ళీ నడిపాను. ఇరవై తొమ్మిది. కార్డు మార్చాను. ఇరవై తొమ్మిది. నా కుట్లన్నీ విప్పేసి, పాత డ్రైవరును పుట్టినప్పుడు ఎలా ఉందో అలా పెట్టి నడిపాను. కార్డు తడుముకుంటూ, ఆగుతూ, దేక్కుంటూ గంటన్నర తీసుకుంది. యాభై రెండు.

తెల్లమాత్ర బూజును ఒక్క పట్టుతో పట్టుకోదు. వేల చిన్న చిన్న పట్లు. ఒక్కోటి లెక్కలోకి రానంత చిన్నది. అన్నీ కలిస్తే మనిషి బతుకుతాడు. నేను వాటినన్నింటినీ చూర కింద ఊడ్చేశాను.

సువార్త రిజిస్టరును మొదటి పేజీకి తిప్పింది.

“గీ తప్పు ఎప్పటి సంది?”

“ఒకటో రోజు సంది.”

“రోజుకు ఏడు.”

“రోజుకు ఏడు.”

పెదవులు కదిలించి గుణించింది. “ఏడువేల ఆరువందల యాభై ఎనిమిది.” తర్వాత లేచి, గోడ పట్టుకుని నిలబడి అంది: “నీతోని గోడకుర్చీ ఏయించాలె పెద్దబాపూ. కని నీ మోకాళ్ళు ఆగయ్.”

1,095వ రోజు, మొదటి షిఫ్టు

కార్డులు ఆపేశాను. వేడి ముప్పై ఒకటి.

వైర్‌లెస్‌లో వీర్రాఘవుల్ని పిలిచాను.

“బావగారూ! పొద్దున్నే ఏంటండీ? మీ మూట ముందు తేలిందా, నాదా?”

చెప్పాను. మొదట నవ్వాడు. “వేళాకోళాలు చాల్లెండి, ఆదివారం మన పేరు చదివారు గదా.” పరీక్ష మూట నడపమన్నాను. గంట తర్వాత అతనే పిలిచాడు.

“ఇరవై తొమ్మిదండీ,” అన్నాడు.

మా ఇద్దరి జవాబులూ కలవడం అదే ఆఖరు.

“బావగారూ, ఒక మాట చెబుతాను, తిట్టకండి. మీ పుస్తకానికి మొదటి పేజీలు లేవన్నారు గదా. నా పుస్తకానికి ఉన్నాయండి. ఇందాకే పెట్టె తీసి చూశాను. పన్నెండో పేజీ. డ్రైవరులో ఏం మార్చినా ముందు పరీక్ష మూట నడిపి చూడమని, చుట్టూ గీత గీసి మరీ వేశారు.”

“చదవలేదా బావా?”

“మీరున్నారు గదండీ.”

అతనే మళ్ళీ అన్నాడు: “మా ఇంటావిడ పోయినేడాది దగ్గుతోనే పోయింది, మీకు తెలుసు గదా. ఆ రోజు కూడా కార్డులు ఆపలేదండి. ఆవిడే ఆపొద్దంది.”

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: “కేంద్రానికి చెప్పకపోతే ఏమవుద్దండి?”

“ఏమీ కాదు. ఆ అణువులన్నీ చూసేశామనే అనుకుంటారు. ఇంకెప్పటికీ మళ్ళీ చూడరు.”

వైర్‌లెస్ గరగర మధ్య పుస్తకం మూసిన చప్పుడు వినబడింది.

“అయితే చెప్పండి. ముందు నా పేరు రాయండి.”

“నీ పేరెందుకు బావా? తప్పు నాది.”

“పుస్తకం నాదండి,” అన్నాడు.

1,096వ రోజు, మొదటి షిఫ్టు

కార్డులు ఆగి ఉన్నాయి.

హాజరు వేళ అందరూ గుమిగూడినప్పుడు చెప్పాను. నాకు ఉపన్యాసాలు బాగా వస్తాయని పేరు. పిట్టకథ లేకుండా నాలుగు ముక్కల్లో చెప్పడం నా జన్మలో అదే మొదలు. మూడేళ్ళు మీరు ఫ్యాన్లు ఆపుకుని ఇచ్చిన కరెంటుతో నేను తప్పు లెక్కలు చేశాను అన్నాను. ఎవరైనా తిడతారని చూశాను. తిట్టలేదు. క్యాంటీన్ రాజవ్వ ఒక్కతే అడిగింది: “మరి మందు లేదా అయితే?” ఉందో లేదో కూడా తెలియదవ్వా అన్నాను. ఆమెకు అర్థం కాలేదు.

సాయంత్రానికి సగం ఇళ్ళు తమ గంట కరెంటు తీసేసుకున్నాయి. వాళ్ళను అనడానికి నాకు నోరెక్కడిది?

1,101వ రోజు, మొదటి షిఫ్టు

కేంద్రం జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. తెలియజేసినందుకు ధన్యవాదాలట. ఏడువేల ఆరువందల యాభై ఎనిమిది మూటలనూ రద్దు చేసి వరస చివర కలిపారట. ప్రస్తుతం వరస పొడవు తొమ్మిదేళ్ళు. స్టేషన్లు ఒక్కోటీ ఆగిపోతున్నందున ఇంకా పెరగవచ్చట. మా రెండు స్టేషన్లనూ అంకెల నమ్మకం తేలేదాకా జాబితా నుంచి తీసేశారు. కొత్త మూటలు రావు.

సువార్తకు చదివి వినిపించాను. ఇప్పుడది మెట్లు దిగలేదు. ఇద్దరు పట్టుకుని దించితే వచ్చింది.

“తొమ్మిదేండ్లు,” అంది. “నా ఎనిమిదో తరగతోళ్ళకు పెండ్లిళ్ళయితయ్.”

నేను తల దించుకున్నాను, కంపౌండరు తీరున.

“తల లేపు పెద్దబాపూ. రిజిస్టరుల ప్రతి మూటకు అన్నిటికన్నా ఎక్కువ మార్కులెన్నో రాసినవ్ గద?”

“రాశాను.”

“నేనైతే ఫెయిలైనోళ్ళ పేపర్లు అన్నీ మళ్ళ దిద్ద. ముప్పై నుంచి ముప్పై నాలుగు వచ్చినయే తీస్త. ఒక్క మార్కుతోని, రెండు మార్కులతోని పోయినోళ్ళను. మనం చూర ఊడ్చినం. చూర కలిపితే పాసయ్యేటియి ముందుగాల అండ్లనే ఉంటయ్.”

ఇద్దరం కూర్చుని ఏరాం. అది చదివింది, నేను గీతలు గీశాను. మధ్యమధ్య దగ్గు వచ్చినప్పుడు నేను చదివాను. మొత్తం రెండు వందల పన్నెండు మూటలు. సరైన డ్రైవరుతో రోజుకు నాలుగు. అంటే యాభై మూడు రోజులు.

యాభై మూడు అని దాని ముందు గట్టిగా అనలేదు. అదీ అనలేదు.

1,103వ రోజు, మొదటి షిఫ్టు

కార్డులు ఐదు. వోల్టేజీ పుట్టినప్పటిది. గడియారం పుట్టినప్పటిది. డ్రైవరులో ఒక్క అక్షరం నాది కాదు. పరీక్ష మూట మార్కులు యాభై రెండు. మొదటి మూట ఎక్కించాను.

ఇది కేంద్రం పని కాదు. జాబితాలో లేని స్టేషను, ఎవరూ అడగని లెక్క. మిగిలిన సగం ఇళ్ళ కరెంటు కార్డులకు చాలదు. పంపు నడిచే గంటలు తగ్గించి మిగతాది తీశాను. మూడో లెవెల్లో నీళ్ళు అడుగు ఎత్తు పెరుగుతాయి. అక్కడ ఎవరూ ఉండరు. ఎలుకలు సర్దుకోవాలి.

చేతులు దురద పెడుతున్నాయి. గడియారం ఒక్క మెట్టు పెంచితే రోజుకు ఐదు వస్తాయి. పెంచలేదు. డెబ్బై ఒక్కేళ్ళ వయసులో చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకుంటున్నాను.

1,122వ రోజు, రెండో షిఫ్టు

ఎనభై మూటలయ్యాయి. ఏమీ లేదు.

మూడో కార్డు ఇవాళ చచ్చిపోయింది. బిగుసుకోవడం కాదు, వాసన వచ్చింది. విప్పి చూస్తే ఒక మూల నల్లబడి ఉంది. ఉడకబెట్టినా, ఊదినా, దణ్ణం పెట్టినా లేవలేదు. నాలుగు కార్డులు, రోజుకు మూడు మూటలు.

వీర్రాఘవులు రోజూ పిలుస్తాడు. అతని కార్డులు ఆగిపోయాయి. కోల్డ్ స్టోరేజీ వాళ్ళు అతని కరెంటు మొత్తం తీసేసుకున్నారు. అయినా పుస్తకం ఉంది కదా, పేజీకి పేజీ నాకు చదివి వినిపిస్తున్నాడు. నాకు లేని నలభై పేజీలు. ఇవాళ ఇరవై మూడో పేజీ. గాలి ఎటు నుంచి ఎటు పోవాలో ఉంది అందులో. నేను మూడేళ్ళుగా తిరగేసి పెట్టాను.

“ఇంకేం తప్పులున్నాయో చదువు బావా,” అన్నాను.

“పదిహేడు పేజీలున్నాయండి ఇంకా,” అన్నాడు జాలిగా.

1,130వ రోజు, మొదటి షిఫ్టు

నూట నాలుగు. ఏమీ లేదు.

సువార్త ఇక దిగడం లేదు. నేనే షిఫ్టు మారే వేళకు రెండో లెవెల్‌కు ఎక్కి చెప్పి వస్తున్నాను. గుమ్మంలో నా మొహం చూసి, నేను నోరు తెరవకముందే “రేపు” అంటుంది. నేనూ “రేపు” అంటాను. అంతకంటే మాట్లాడితే దానికి ఆయాసం వస్తోంది.

1,139వ రోజు, రెండో షిఫ్టు

నూట ముప్పై ఒకటో మూట. నలభై నాలుగో అణువు. మార్కులు యాభై ఎనిమిది.

నా కుట్లతో నడిపినప్పుడు దీనికి వచ్చినవి ముప్పై మూడు.

పన్నెండో పేజీ ప్రకారం పరీక్ష మూట నడిపాను. యాభై రెండు. మళ్ళీ ఈ మూట. యాభై ఎనిమిది. కార్డు మార్చి మళ్ళీ. యాభై ఎనిమిది. తెల్లమాత్ర కంటే ఆరు మార్కులు ఎక్కువ.

మెట్లెక్కి పోయాను. ఎలా ఎక్కానో తెలియదు. గుమ్మంలో నన్ను చూసి అది “రేపు” అనలేదు.

“ఎంత?” అంది.

“యాభై ఎనిమిది.”

కళ్ళు మూసుకుంది. “ఫస్ట్ క్లాసైతే కాదు,” అంది. “అయినా పాసే.”

వీర్రాఘవులు వైర్‌లెస్‌లో ఏడ్చాడు. అతను ఏడుస్తుంటే వెనక పిల్లలు తుమ్ముతున్నారు.

1,149వ రోజు, మొదటి షిఫ్టు

కేంద్రానికి పంపిన తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. జాబితాలో లేని స్టేషను లెక్క కాబట్టి దీన్ని ఫలితంగా తీసుకోరు, సూచనగా తీసుకుంటారు. జోడి కావాలి. మా జోడి కూడా జాబితాలో లేదు. వేరే స్టేషనుకు ఇవ్వడానికి వరసలో పెట్టారు. సూచనల వరస వేరు, చిన్నది. పద్నాలుగు నెలలు. జోడి కలిస్తే ప్రయోగశాలకు పోతుంది. అక్కడి నుంచి గొట్టంలో తయారై, ఎలుకలకు పోసి, మనుషులకు రావడానికి ఏడాదిన్నర, అన్నీ సవ్యంగా ఉంటే.

కింద ఒక ఫారం పెట్టారు, నింపి పంపమని. అణువు సంఖ్య, మార్కులు, డ్రైవరు రకం. ఆఖరి గడి: ఈ మూటను ఈ స్టేషను మొదటిసారి లెక్కించిన తేదీ.

రిజిస్టరు తీసి చూశాను. 244వ రోజు.

రెండున్నరేళ్ళయింది. ఆ రోజు కేంద్రం వరస ఇంత పొడవు లేదు. జోడి అదే వారం కలిసేది. ప్రయోగశాల ఏడాదిన్నర తీసుకున్నా ఈపాటికి ఏడాదిగా మాత్ర చేతిలో ఉండేది. సువార్తకు దగ్గు మొదలైంది పోయిన చలికాలం. వీర్రాఘవులు ఇంటావిడ పోయింది అంతకు ముందు. ఆమె లెక్క నేను వెయ్యలేదు. అతనికీ చెప్పలేదు. ఫారంలో 244 అని రాసి పంపాను. అక్కడ ఇంకో అంకె రాస్తే తప్పు లెక్కలు మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలుపెట్టినట్టే.

1,152వ రోజు, రెండో షిఫ్టు

కార్డులు నాలుగు. వేడి అరవై ఎనిమిది. నూట డెబ్బై మూటలయ్యాయి. మిగిలినవి కూడా నడుపుతున్నాను.

కంపౌండరు ఇంక వారం అన్నాడు. తల దించుకోలేదు ఈసారి. దాని పక్కన కూర్చుని ఏడ్చాడు. పైకి పోయాను. దిండ్లు వెనక పెట్టి కూర్చోబెట్టారు. గొంతు గాలిలా ఉంది, చెవి దగ్గర పెడితేనే వినబడుతుంది.

“కేంద్రమోళ్ళు ఏమన్నరు?”

“తీసుకున్నారు. జోడి చూస్తున్నారు.” అంతవరకు నిజమే.

“పోరగాండ్లకు అందుతదా?”

“అందుతుంది.” అది నిజమో కాదో నాకు తెలియదు.

కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “పెద్దబాపూ. గా మూటను మొట్టమొదలు ఎప్పుడు నడిపినవ్?”

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. మెట్లెక్కుతూ జవాబు తయారు చేసుకునే వచ్చాను.

“పరీక్ష మూట నడపడానికి ముందు వారం. అంటే మొన్నటిదే.”

“మొన్నటిదేనా?”

“మొన్నటిదే బిడ్డా. అప్పుడే దొరికినా రెండు నెలలే కలిసొచ్చేది.”

“మూట నంబరెంత?”

దానికి మాత్రం తయారై రాలేదు. నా నోటికి అంకెలు అబద్ధం చెప్పడం అలవాటు లేదు. డ్రైవరు రాసుకునేటప్పుడు ఒక్కో అంకె మూడేసి సార్లు పైకి చదివి అలవాటైన నోరు. “పదిహేడు వందల నాలుగు,” అనేసింది.

రోజుకు ఏడు మూటలని బాయంతా చాటుకున్నది నేనే. మొదటి మూట ఒకటో రోజున మొదలైందని దానికి ఎప్పటినుంచో తెలుసు. దుప్పటి మీద దాని చూపుడు వేలు కదిలింది. పదిహేడు వందల నాలుగు రాసింది. పక్కన గీత గీసి ఏడు రాసింది. బడిలో నల్లబల్ల మీద రాసినంత పొందిగ్గా కింద రెండు రాసింది, నాలుగు రాసింది, మూడు రాసింది. శేషం దగ్గర ఆగింది.

నేను గోడవైపు చూస్తున్నాను.

“మొన్నటిదేలే,” అంది సువార్త. “గంతకన్న ముందుదైతే నువ్వు చెప్పకుంట ఉంటవా?”

అరచేత్తో దుప్పటిని మెల్లగా సాపు చేసింది, రాసిందంతా తుడిచేసినట్టు.